బొట్టు పెట్టిన లాప్‌టాప్

ఆ రోజుల్లో మెట్టుగూడలోని మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు అనుమానించేవాళ్ళం, తర్వాత బొట్టు పెట్టేవాళ్ళం, ఆ తర్వాతే వాడేవాళ్ళం. (లోకమంతా ముందు వాడి, తర్వాత అనుమానిస్తుందని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.) మిక్సీ వచ్చిన కొత్తల్లో మా నానమ్మ అందులో రుబ్బిన పచ్చడిని, రోట్లో నూరిన పచ్చడిని పక్కపక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని రెండూ రుచి చూసి, "గిండ్ల కారమున్నది గని పచ్చడి లేదు" అని తీర్పు చెప్పి, మిక్సీ మీద తువ్వాల కప్పేసింది. ఫ్రిజ్ తలుపు మూశాక లోపలి లైటు నిజంగా ఆరుతోందా, లేక కరెంటు బిల్లు పెంచడానికి వెలుగుతూనే ఉంటోందా అని మా నాన్న తలుపు సందులో కన్ను పెట్టి మెల్లగా మూస్తూ చూసేవాడు. ఇలా వారాల తరబడి నిఘా నడిచాక, ఏదో ఒక ఉదయం నానమ్మ తలస్నానం చేసి, కుంకుమ బరిణె తెచ్చి ఆ వస్తువుకు బొట్టు పెట్టేది. బొట్టు పడిందంటే అది ఇక ఇంటి మనిషి. చెడిపోయినా అమ్మేది లేదు, పారేసేది లేదు, ఎవరికైనా ఇచ్చేయడమన్నది అసలే లేదు. అందుకే మా అటక మీద పాడైపోయిన రేడియో, మూత పట్టని కుక్కరు, తిరగని టేబులు ఫ్యాను నుదుట బొట్లతో ముత్తైదువల్లా కూర్చుని ఉండేవి.

ఈ అనుమానపు విద్యలో మా నాన్నకు ప్రత్యేక శిక్షణ ఉంది. ఆయన సికింద్రాబాద్ స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. పుస్తకాలు అని రాసిన పెట్టెను ఊపి చూడటం, బట్టలు అని రాసిన మూటను నొక్కి చూడటం ఆయన ఉద్యోగం. ఇంట్లో కూడా మానేవాడు కాదు. పెళ్ళిళ్ళలో మాకు రిటర్న్ గిఫ్టు ఇస్తే అక్కడే చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. ఇచ్చినవాళ్ళు నవ్వలేక నవ్వేవారు. ఇక నేను. డిగ్రీ పూర్తి చేసి, ఏ ఉద్యోగమూ దొరక్క ఇంట్లో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదువుతున్న రోజులు. బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల కమీషన్ దుకాణం ఉన్న మా బాబాయి వచ్చినప్పుడల్లా, "అన్నా, వీనికి ఏడ దొర్కకుంటే నా దుకాణంల కూసోబెట్టు" అనేవాడు. ఒకరోజు వెళ్ళి కూర్చున్నాను కూడా. సాయంత్రం ఇంటికొచ్చిన నా కళ్ళు చూసి మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "ఎవలు వోయిండ్రురా?" అని అడిగింది. ఆ దుకాణంలో జీవితమంతా ఏడుస్తూ బతకాలన్న ఊహకే నాకు కన్నీళ్ళు వచ్చేవి.

సరిగ్గా అప్పుడు దేవుడు కరుణించి నాకొక ఉద్యోగం ఇచ్చాడు. సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్ మేడ మీద చిన్న వెబ్‌సైటు ఆఫీసు. మార్కెట్లోకి వచ్చే ఫోన్లు, కంప్యూటర్లు ఇంటికి తీసుకెళ్ళి, వాడి చూసి, ఎలా ఉన్నాయో తెలుగులో రాయాలి. మా యజమానికి ఆఫీసులో పేరు రుజువు సార్. ఎండగా ఉంది సార్ అన్నా కిటికీ తెరిచి చూసుకునేవారు. నాకంటే ముందు పనిచేసినవాడు ఒక లాప్‌టాప్ గురించి "ఫ్యాను చప్పుడు అసలు వినిపించదు" అని రాశాట్ట. నిజమే, వినిపించదు, వాడు ఆ పెట్టె సీలే విప్పలేదు. ఆ రోజు నుంచి ఆయనకు మనుషుల మీద నమ్మకం పోయింది. నేను చేరిన కొన్నాళ్ళకు ఒక పెద్ద అట్టపెట్టె నా బల్ల మీద పెట్టించి, దాన్నీ నన్నూ సమానమైన అనుమానంతో చూస్తూ చెప్పారు. "గిది పెద్ద స్క్రీన్ లాప్‌టాప్. ఆటలకు, ఇంట్ల అందరు కూసొని సినిమాలు చూసుడుకు అని కంపెనీవోళ్ళు చెప్తున్నరు. వాళ్ళు చెప్పింది నాకొద్దు. నీ ఇంట్ల ఏమైందో గది రాయాలె. వచ్చే సోమవారం వాపస్ తేవాలె. గీత వడొద్దు, మరక వడొద్దు. నువ్వు నిజంగ వాడినవని నాకు నమ్మకం కుదిరితే నౌకరి పక్కా. లేకుంటే నీ తొవ్వ నీది." నా తొవ్వ ఏ మార్కెట్లో ఆగుతుందో నాకు తెలుసు గనక, పెట్టెను పసిబిడ్డలా ఎత్తుకుని ఆటో ఎక్కాను.

నాకూ అనుమానాలు లేకపోలేదు (రక్తం ఎక్కడికి పోతుంది?). పరీక్షకు పంపే మిషన్లను కంపెనీవాళ్ళు ఏరి ఏరి పంపుతారని ఎక్కడో విన్నాను. పెళ్ళిచూపుల రోజు పక్కింటి సోఫా తెచ్చి వేసినట్టన్నమాట. కాబట్టి దీని బండారం బయటపెట్టి తీరాలని దారి పొడుగునా పళ్ళు నూరుకుంటూ వచ్చాను. ఇల్లు చేరగానే నాన్న పెట్టెను నా చేతుల్లోంచి తీసుకుని, బరువు అంచనా కట్టి, చెవి దగ్గరకు చేర్చాడు. "నాన్నా, ఊపకు!" అని నేను అరిచేలోపే ఊపేశాడు.

"ఎవలు పంపిండ్రు?"

"మా ఆఫీసోళ్ళు."

"రసీదేది?"

"రసీదేం ఇయ్యలే. వారం దినాలు వాడి వాపస్ ఇయ్యాలె."

"రసీదు లేకుండ గింత వస్తువు ఎవడిస్తడురా? గిండ్ల ఏదో మతలబున్నది."

"వాడి ఏం చేస్తవ్?" అంది అమ్మ వంటింట్లోంచి. ఆటలు ఆడాలి, సినిమాలు చూడాలి, ఎలా ఉందో రాయాలి అని చెప్పాను. నానమ్మ నా తల నిమిరి, "కొడుకా, అడిగినోళ్ళకు చెప్పుకోరాని నౌకరి మనకెందుకు బిడ్డా?" అంది. (మా తాత కూడా అప్పటికి ఉన్నాడు. చెవులు వినిపించక ఈ కథలోకి రాలేదు.)

పెట్టె విప్పి లాప్‌టాప్ తెరవగానే, తెర పైభాగాన ఉన్న చిన్న కెమెరాను నానమ్మ మొట్టమొదట పట్టేసింది. వెంటనే కొంగు నెత్తి మీదికి లాక్కుని పక్కకు తిరిగింది. "దానికి కన్నున్నది. అవుతల ఎవలో మొగోళ్ళు చూస్తున్నరు." అది ఆపేసి ఉందని నచ్చజెప్పబోయాను. "ఆగిందని నీకెట్ల ఎరుక?" అంది. (దానికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.) కాసేపటికి చూస్తే అమ్మ బొట్టుబిళ్ళ ఒకటి ఆ కన్ను మీద అతుక్కుని ఉంది. బొట్టే అయితే ఇక వాపస్ ఇవ్వనివ్వదు. "నానమ్మా, బొట్టు వెట్టినవా?" అంటే, "అది బొట్టు కాదురా, గంతలు" అంది. నేను ఊడబీకడం, ఆమె ఇంకోటి అంటించడం వారమంతా నడిచింది. అమ్మ బొట్టుబిళ్ళల పాకెట్టు ఖాళీ అయింది.

మర్నాటి నుంచి పరీక్షలు షురూ అయ్యాయి. కారు పందాల ఆట పెట్టి నేను కాస్త వేగం పెంచానో లేదో, లోపలి ఫ్యాన్లు రెండూ హోరుమని లేచాయి. నాన్న చదువుతున్న పేపరు దించి, "ఏందిరా, ఇంట్ల ఇంజన్ షంటింగ్ చేస్తున్నవా?" అన్నాడు. కీబోర్డు పైభాగం కాలుతోంది; వెనక సందుల్లోంచి వేడిగాలి కొడుతోంది. అమ్మ అక్కడ చెయ్యి పెట్టి, "లోపల ఏదో మాడుతుంది, బంద్ చెయ్" అంది. తర్వాత మరోసారి పెట్టింది. తర్వాత ఏదో ఆలోచించుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, తోడు వేసిన పాలగిన్నె తెచ్చి ఆ సందుల ముందు పెట్టింది. చలికాలం, మా ఇంట్లో పెరుగు తోడుకోక అప్పటికి నాలుగు రోజులుగా మజ్జిగలాంటి పదార్థమేదో తాగుతున్నాం. ఆ సాయంత్రం అన్నాల వేళకు గిన్నెలో కత్తితో కోసేంత గట్టి పెరుగు. మర్నాటి నుంచి నేను ఆఫీసు నుంచి రాగానే అమ్మే, "జెర ఆ కార్ల ఆట ఆడరాదురా, పాలు పెట్టిన" అనడం మొదలుపెట్టింది. నాన్న మాత్రం నా కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి, "గిదేం నౌకరి" అని గోడతో చెప్పేవాడు.

నా ఉద్యోగం ఊడిందో లేదో కనుక్కోవడానికి బాబాయి కూడా వచ్చాడు. "గిట్ల ఆడుకుంట కూసుంటే జీతమిస్తరా? అన్నా, నీ కొడుకును ఎవడో మోసం చేస్తుండు" అన్నాడు. ఒకసారి ఆడి చూడమని ఆయన ముందుకు జరిపాను. బాబాయికి మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపిన అనుభవం ఉంది. ఆ అనుభవంతోనే అందరికీ ఎదురుగా నడిపాడు, ఎవడు ఢీకొట్టినా కిటికీలోంచి తిట్టినట్టు తెరను తిట్టాడు, ఒక్క పందెమూ పూర్తి చేయలేదు. లేచి చెమట తుడుచుకుంటూ, "కష్టమే అన్నా వీని నౌకరి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాన్న చేతుల కట్టు కొంచెం సడలింది. నేను అది గమనించి, గమనించనట్టు ఉన్నాను.

ఆదివారం సినిమా పరీక్ష. ఇంటిల్లిపాదినీ చాప మీద కూర్చోబెట్టి, స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి ఒక పాత సినిమా వేశాను. ఎదురుగా కూర్చున్న నాన్నకు బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. గోడ పక్కన కూర్చున్న నానమ్మ మాత్రం, "గిటు దిక్కు హీరో మొఖం నల్లగైతుందేందిరా, మీకొక సినిమా, నాకొక సినిమానా?" అంది. చీకటి సీను వచ్చినప్పుడల్లా ఆ నున్నటి తెర మీద కథ మాయమై మేమందరం కనబడేవాళ్ళం. అమ్మ ఒక హత్య జరుగుతుండగా జుట్టు సవరించుకుంది. మాటలు వినబడవు, ఫైట్లు పక్కింటికి కూడా వినబడతాయి. నాన్న ఒక చెయ్యి వాల్యూము బటన్ మీద పెట్టుకునే సినిమా అంతా చూశాడు. అయిపోయాక, లాప్ అంటే ఒడి అని నేను చెప్పింది గుర్తొచ్చి నానమ్మ, "ఒళ్ళె వెట్టుకునేది అన్నవ్ గదరా" అంటూ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, "అమ్మో! పిల్లగాండ్లు సుత గింత బరువుండరు" అని మళ్ళీ స్టూలు మీద పెట్టింది. ఇవన్నీ నేను అలాగే రాసుకున్నాను. నా సొంత పరీక్షల్లో తేలింది వేరే ఏమీ లేదని ఒప్పుకోవడానికి కొంత సిగ్గుపడ్డాను, అంతే.

ఆ సాయంత్రం మిషన్ ఖాళీగా ఉందని నానమ్మ కోసం ఒక ఒగ్గుకథ వీడియో వెతికి పెట్టాను. ఆమె పుట్టిన ఊళ్ళో జాతరప్పుడు ఆడేవాళ్ళట, పెళ్ళయి పట్నం వచ్చాక మళ్ళీ చూడలేదట. డోలు మోగగానే నానమ్మ గోడ పక్క నుంచి జరిగి సరిగ్గా ఎదురుగా వచ్చి కూర్చుంది. కథ సగానికి వచ్చేసరికి నెత్తి మీది కొంగు జారిపోయింది, సర్దుకోలేదు. కెమెరా మీద బిళ్ళ కూడా లేదు. అయిపోయాక కళ్ళు తుడుచుకుని, "ఇంకోపాలి వెట్టు బిడ్డా" అంది. వారం రోజుల్లో నానమ్మ ఆ మిషన్‌ను ఒక్క మాట కూడా అనని సాయంత్రం అదొక్కటే. నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

సోమవారం ఉదయం నేను స్నానం చేసి వచ్చేసరికి లాప్‌టాప్ మూత మీద పసుపు, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు. కెమెరా పక్కన ఒక బొట్టు. అది ఊపిరి పీల్చే తావు అనుకుందో ఏమో, వెనక సందులకు, స్పీకరు చిల్లులకు కూడా చేతి నిండుగా కుంకుమ. పక్కనే తలస్నానం చేసిన నానమ్మ, చేతిలో బరిణె. పనిచేస్తోందో లేదోనన్న భయంతో బటన్ నొక్కాను. డ్యూటీకి బయలుదేరుతూ, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్న నాన్న, ఏమైందో చూద్దామని వెనక సందుల దగ్గరికే వంగాడు. ఫ్యాన్లు ఒక్కసారి హోరుమన్నాయి. లాప్‌టాప్ తుమ్మింది. చొక్కా మీదా, మీసాల మీదా ఎర్రగా పొడి పడ్డ నాన్న నెమ్మదిగా నిటారుగా లేచి, "మతలబున్నదని ముందే చెప్పిన" అన్నాడు.

"నానమ్మా, గిది ఇయ్యాల వాపస్ ఇయ్యాలె!" అన్నాను ఏడుపు గొంతుతో.

"బొట్టు వెట్టినంక వాపసేందిరా? ఇంటి లచ్చిమిని ఎవలన్న ఇస్తరా?"

"ఇయ్యకుంటే నౌకరి వోతది. బోయిన్‌పల్లి పోయి ఉల్లిగడ్డల నడుమ కూసోవాలె. నీకు ఇష్టమేనా?"

నానమ్మ నా కళ్ళలోకి చాలాసేపు చూసింది. ఉల్లిపాయలు లేకుండానే అవి నిండి ఉన్నాయి. తర్వాత మిషన్ వంక చూసింది. "సరే బిడ్డా, తీస్కపో. తుడిచి ఇయ్యి, నేనూ మీ నాయినా పెట్టెల సదురుతం. నువ్వు పోయి అన్నం తిను" అంది. తడిగుడ్డతో, పళ్ళ బ్రష్షుతో తుడవగలిగినంత తుడిచాను. సందుల్లోని ఎరుపు మాత్రం పోలేదు. నేను గబగబా నాలుగు ముద్దలు తిని వచ్చేసరికి నాన్న, వేరే చొక్కా తొడుక్కుని, పెట్టెకు రైల్వే పద్ధతిలో తాడు బిగించి ముడులు వేస్తున్నాడు. చేతికి తీసుకున్నప్పుడు వచ్చినప్పటి కంటే కాస్త బరువుగా అనిపించింది. నా మనసు బరువు అనుకున్నాను.

ఆఫీసులో రుజువు సార్ ముందు నేను రాసింది చదివారు. పక్కన మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చిన కంపెనీ మనిషి మెడలో కార్డు వేసుకుని కూర్చున్నాడు. చదువుతూ చదువుతూ సార్ కనుబొమలు పైకి లేచాయి. "వెనక గాలికి పెరుగు తోడుకుంటది అని రాసినవ్. చీకటి సీన్లల్ల మీ అమ్మ జుట్టు సవరించుకున్నదని రాసినవ్. బాగున్నది. గని ఏ ఇంట్లనన్న లాప్‌టాప్ పక్కన పెరుగు తోడు వెడ్తరా? గిది కూసొని అల్లినట్టున్నది. రుజువేది?" ఏమని చెప్పను? పెరుగు తినేశాం కదా! "ఉంటే తెద్దువు, లేకుంటే..." అంటూ ఆయన నాన్న ముడులతో కాసేపు కుస్తీ పట్టి, చివరికి కత్తెర తెప్పించి పెట్టె విప్పారు. కంపెనీ మనిషి మిషన్ తీసి తిప్పి చూసి, ముఖం మాడ్చుకుని, "సార్, లోపల ఎర్రగా ఏదో ఉంది. తుప్పా?" అన్నాడు. సార్ వేలితో తీసి వాసన చూశారు. "కుంకుమ" అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఉల్లిపాయల ఘాటు ముక్కుకు తగిలింది.

మెల్లగా కళ్ళు తెరిచాను. సార్ పెట్టె అడుగున ఫోము ఎత్తి పట్టుకుని ఉన్నారు. దాని కింద, మడత పెట్టిన కొత్త జాకెట్ ముక్కలో పసుపు కలిపిన బియ్యం, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. ఒడిబియ్యం! (ఆడబిడ్డను అత్తగారింటికి సాగనంపేటప్పుడు పుట్టింటివాళ్ళు కొంగులో పోసి కట్టే బియ్యం. మా అక్కను నేరేడ్‌మెట్ పంపినప్పుడు, ఒక్క బస్సు దూరమే అయినా, నానమ్మ ఒళ్ళు నిండేలా పోసింది.) బొట్టు పెట్టినదాన్ని వాపస్ ఇవ్వకూడదు, కానీ అత్తగారింటికి పంపడం వాపస్ ఇచ్చినట్టు కాదు కదా. మా నానమ్మ ధర్మం తప్పలేదు, నా నౌకరీ చెడగొట్టలేదు. లోపల ఏముందో తెలిసి కూడా ఏమీ అనకుండా సంతకం పెట్టినట్టు ముడి వేసిన పార్సిల్ గుమాస్తా మాత్రం మా నాన్న.

"ఎవలు వెట్టిండ్రు?" అన్నారు సార్. మా నానమ్మ అయి ఉంటుందని చెప్పాను. ఆయన ఒక్క గింజా పడకుండా ఆ మూటను మళ్ళీ కట్టారు. కంపెనీ మనిషి, "సార్, ఈ కుంకుమకి ఎవరు బాధ్యులు?" అని గొణిగాడు. "పుట్టింటి బొట్టయ్యా అది, ఉండనియ్యి. నేను మాట్లాడుకుంట మీవోళ్ళతోని" అన్నారు సార్. అప్పుడు నా వైపు తిరిగారు. "పెట్టె విప్పనోని ఇంట్లకెళ్ళి ఒడిబియ్యం రావు. పో, నౌకరి పక్కా." ఆ మూటను మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఒడిబియ్యం వండుకుని తినాలి గాని వాపస్ పంపకూడదని, సాయంత్రం బ్యాగులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు.

ఇంటికి పరుగెత్తుకెళ్ళి నౌకరి పక్కా అయిందని చెబితే నానమ్మ అసలు పట్టించుకోలేదు. "మంచిగ అందిందా? ఇప్పేటప్పుడు ఎవలన్న ఆడోళ్ళున్నరా? కుడుకలు పలగలేదు గద?" అని అడిగింది. మర్నాడు నాన్న పార్సిల్ ఆఫీసులో తోటివాళ్ళతో, "మావోడు సుత మన లైనే, పెట్టెలు చెక్ చేసే నౌకరి" అని చెప్పాడని తర్వాత ఎవరో అన్నారు. అది విన్న రోజు నేను ఏడ్చిన ఏడుపు మాత్రం బాబాయి దుకాణంలో ఏడ్చినటువంటిది కాదు.

ఇప్పుడు ఆ ఆఫీసు పెద్దదైంది. ఇరానీ హోటల్ పోయింది, సార్ ఇంటిపట్టున ఉంటున్నారు, నానమ్మ లేదు. కొత్తగా చేరిన పిల్లలు వాడి తెచ్చిన పెట్టెలు విప్పి చూసుకోవడం ఇప్పుడు నా పని. వాళ్ళు రాసినవి చదివి, "రుజువేది?" అని నేనే అడుగుతుంటాను. నన్ను చాటుగా ఏమని పిలుస్తారో నాకు తెలుసు. మిషన్ బయటికి తీశాక ప్రతిసారీ ఫోము ఎత్తి కింద చెయ్యి పెట్టి చూస్తాను. గీతల కోసం, మరకల కోసం వెతుకుతున్నాననుకుంటారు పాపం. వేళ్ళకు ఒక చిన్న గింజల పొట్లం తగులుతుంది. నా పిచ్చిగాని, ఇన్నేళ్ళయినా ఒక్క క్షణం బియ్యమే అనుకుంటాను. బయటికి తీసి చూస్తే తేమ పీల్చే మందు. తినరాదు అని రాసి ఉంటుంది.